ఫాదర్‌ల్యాండ్ మొదలెట్టా, 150 పేజీలయ్యాయి. చదివినవాళ్ళు రండి (స్పాయిలర్లు వద్దు ప్లీజ్)

సగంలో_ఆపేవాడు:
అందరికీ హాయ్. పేరు చూస్తేనే తెలిసిపోతుంది కదా నా సంగతి, ఏ పుస్తకమైనా సగంలో వదిలేసే బాపతు. అలాంటిది రాబర్ట్ హారిస్ రాసిన ఫాదర్‌ల్యాండ్ మూడ్రోజుల్లో 150 పేజీలు లాగించేశా. 1992లో వచ్చిన నవల, ఆయనకిదే మొదటి నవలట. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ గెలిచేసింది. ఇప్పుడు 1964 ఏప్రిల్, ఇంకో వారంలో హిట్లర్ 75వ పుట్టినరోజు, బెర్లిన్ అంతా జెండాలు కడుతున్నారు, అప్పుడు ఊరి చివర సరస్సు దగ్గర ఒక ముసలాయన శవం తేలుతుంది. కేసు జేవియర్ మార్చ్ అనే క్రైమ్ పోలీసు చేతికొస్తుంది.

నాకు బాగా నచ్చిందేంటంటే గెలిచిన దేశం అంటే వెలిగిపోతూ ఉంటుందనుకుంటాం కదా, ఇక్కడ అందరూ అలిసిపోయి ఉన్నారు. ఎడతెగని వాన, బోరు కొట్టే ఆఫీసులు, ఫైళ్ళు, విడాకులు, తూర్పున ఉరల్స్ వైపు ఇంకా తెగని యుద్ధం, అక్కణ్ణించి శవపేటికలొస్తున్నాయి కానీ వాటి గురించి ఎవరూ నోరెత్తరు. నచ్చనిది ఆ టూరిస్ట్ బస్సు సీను. మార్చ్ కొడుకుని తీసుకుని సిటీ టూర్‌కెళ్తాడు, గైడు ఏ బిల్డింగు ఎంత ఎత్తో ఎంతమంది పడతారో చదువుతూనే ఉంటుంది, రచయిత రిసెర్చ్ అంతా మన నెత్తిన కుమ్మరించినట్టుంది. అక్కడ నాలుగు పేజీలు తిప్పేశా, నిజం చెప్తున్నా.

ఇంకో డౌటు. దీన్ని ఆల్టర్నేట్ హిస్టరీ అనాలా ఆల్టర్నేట్ ఫ్యూచర్ అనాలా?

కాఫీమరక:
తిప్పేశావా?? తమ్ముడూ, వెనక్కెళ్ళి ఆ నాలుగు పేజీలూ చదివిరా. ఎందుకో ఇప్పుడు చెప్పను.

చివరిపేజీ_ముందు:
నేను ఎప్పట్లాగే చివరి పేజీ ముందు చదివేశా. ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ మొదట్నించి చదవాల్సొచ్చింది, ఈ పుస్తకానికి ఒక దండం 😂

అటకమీది_పెట్టె:
సగంలో గారూ, మీ డౌటు చిన్నదేం కాదు. మనం వెనక్కి తిరిగి చూస్తున్నాం కాబట్టి 1964 మనకి చరిత్ర. కానీ ఈ కథ దారి మళ్ళింది 1942లో, ఆ ఏడు బతికున్నవాడి వైపునుంచి చూస్తే ఇదంతా భవిష్యత్తే కదా, పైగా వాడికి చాలా దగ్గరగా కనిపించిన భవిష్యత్తు. కేథరిన్ బర్డెకిన్ అనే ఆవిడ మగవాడి పేరు పెట్టుకుని 1937లోనే స్వస్తిక నైట్ అని ఒక నవల రాసింది, నాజీలు ఏడొందల ఏళ్ళుగా ఏలుతున్న ప్రపంచం అందులో. అప్పటికి యుద్ధం మొదలుకూడా కాలేదు, అది ఫ్యూచర్ నవల. ఇవాళ అదే పుస్తకాన్ని ఆల్టర్నేట్ హిస్టరీ అరలో పెడుతున్నారు. పుస్తకం మారలేదు, కాలం దాని పక్కనుంచి వెళ్ళిపోయింది. అందుకని ఈ పేర్ల గొడవ నేనంత పట్టించుకోను.

హారిస్ దారి మళ్ళించిన చోటు మాత్రం చాలా తెలివిగా పట్టుకున్నాడు. ఏదో ఒక జనరల్ చచ్చిపోయాడనో, మాయగా కొత్త ఆయుధం దొరికిందనో అనలేదు. నవల్లో రెండే రెండు జరుగుతాయి. 1942 ఎండాకాలం దాడిలో రష్యాకి కాకసస్ చమురు అందకుండా చేస్తారు, తర్వాత తమ రహస్య సందేశాల మెషీన్ ఎనిగ్మా కోడ్ లీకవుతోందని కనిపెట్టి మార్చేసి, జలాంతర్గాములతో బ్రిటన్‌కి తిండి ఆపేస్తారు. ఈ రెండూ నిజంగా అంచుదాకా వచ్చి ఆగినవే. జర్మన్ సైన్యం 1942 ఆగస్టులో మైకోప్ చమురు బావుల దాకా వెళ్ళింది, తీరా చూస్తే రష్యన్లు పోతూపోతూ వాటిని పాడుచేసి పోయారు. ఎనిగ్మా విషయానికొస్తే 1942 ఫిబ్రవరిలో జర్మన్ నేవీ తమ జలాంతర్గాముల మెషీన్లకి నాలుగో చక్రం తగిలించింది, దాంతో డిసెంబరు దాకా, అంటే పది నెలలు బ్రిటిష్‌వాళ్ళకి ఆ మెసేజీలు చదవడం కుదర్లేదు. ఆ పది నెలల్ని సాగదీస్తే ఈ నవల.

లెక్కలమాస్టారు:
పెట్టె గారూ సూపర్. నేను తేదీలు చెక్ చేశా, నాకదో జబ్బు. నవల 14 ఏప్రిల్ 1964 మంగళవారంతో మొదలవుతుంది, నిజం క్యాలెండర్లో కూడా మంగళవారమే. 20వ తేదీ సోమవారం. భాగాలకి పేర్లు కూడా దాదాపు అవే, రోజూ తేదీ. పోలీసు డైరీ తిరగేస్తున్నట్టుంటుంది.

నిద్రపట్టని_రీడర్:
నాకు మాత్రం తేలిపోయింది గురూ. అందరూ పొగుడుతున్నారు కాబట్టి ఎవరో ఒకళ్ళు అనాలి. మర్డర్ మిస్టరీ అంటే డిటెక్టివ్ మనకంటే ఒక అడుగు ముందుండాలి, లేదా ఇద్దరం పక్కపక్కనే నడవాలి. ఇక్కడ చచ్చినవాడి పేరు జోసెఫ్ బ్యూలర్ అని తెలియగానే గూగుల్ చేశా, అయిపోయింది, మొత్తం రహస్యం అక్కడే దొరికేసింది. పాపం మార్చ్ ఇంకో రెండొందల పేజీలు తిరుగుతాడు, మనకి 60వ పేజీకే తెలిసింది వాడికి చివర్లో తెలుస్తుంది. ఇదేం థ్రిల్లర్? పైగా హీరో వేసుకునేది ఎస్సెస్ యూనిఫాం, అదే నాజీల సాయుధ దళం. వాడి మీద జాలిపడమని రచయిత అడుగుతుంటే నాకు చిరాకేసింది.

మోడ్_2:
బ్యూలర్ గురించి ఇంకేం రాయకండి, టాపిక్ పెట్టినవారు 150 దగ్గరే ఉన్నారు. రాయాల్సొస్తే పైన స్పాయిలర్ అని పెట్టండి. ఇంకోసారి చెప్పించుకోకండి.

సగంలో_ఆపేవాడు:
పర్లేదు మోడ్ గారూ, ఆ పేరు ఈపాటికే వచ్చేసింది. గూగుల్ మాత్రం చెయ్యలేదు, చెయ్యను కూడా.

అయినా నిద్రపట్టని బ్రో అన్నదాంట్లో పాయింట్ ఉంది. నాకూ అదే అనిపించింది కాస్త. పేర్లు చూడకపోయినా ఈ కథ దేని చుట్టూ తిరుగుతుందో స్కూల్లో చదువుకున్న ఎవడికైనా తెలుసు కదా. యూదులు ఏమయ్యారు అంటే నవల్లో అందరూ తూర్పుకి పంపించేశారుగా అంటారు, అంతే. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తోంది, వాళ్ళకి మాత్రం వాతావరణం గురించి మాట్లాడుకున్నట్టుంది.

కాఫీమరక:
అదే, అదే. నిద్రపట్టని, నువ్వు తప్పుగా చదివావని అనను గానీ ఇది ఎవరు చంపారు అనే టైపు కాదు బాబూ. చీకట్లో ఒకడు నడుస్తున్నాడు, ముందు బావి ఉంది, అది ఎక్కడుందో నీకు తెలుసు, వాడికి తెలీదు, నువ్వు అరిచినా వాడికి వినపడదు. ఆ టెన్షన్ వేరు. రచయితకి మనకి తెలుసని తెలుసు, దాచడానికి ప్రయత్నమే చెయ్యడు. నువ్వు గూగుల్ చేస్తావని 1992లో ఆయనకి తెలీదు, అదొక్కటే తేడా, అప్పట్లో ఆ పేరు గుర్తుపట్టేవాళ్ళు చాలా తక్కువమంది ఉండుంటారు.

గోడ కాగితం ఫోటో గుర్తుందా? మార్చ్ తన ఫ్లాట్‌లో పాత వాల్‌పేపర్ పీకుతుంటే వెనకాల ఒక ఫ్యామిలీ ఫోటో దొరుకుతుంది, వైస్ అనే కుటుంబం, తనకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు. ఏమయ్యారని ఇరుగుపొరుగుని అడిగితే ఎవరూ చెప్పరు, పైగా అడిగినందుకే వాడి ఫైల్లో ఒక మచ్చ పడుతుంది. నన్నడిగితే కథ మొదలయ్యింది సరస్సు దగ్గర కాదు, ఆ గోడ దగ్గర. మిగతావాళ్ళకి తెలీదా అంటే... తెలుసుకోకుండా ఉండటం అలవాటు చేసుకున్నారు. మన ఇంట్లో మనకంటే ముందు ఎవరుండేవాళ్ళో మనలో ఎంతమంది అడిగుంటాం అని ఆ రాత్రి కూర్చుని ఆలోచించా, అదో పక్కదారి అనుకో.

నిద్రపట్టని_రీడర్:
అక్కా బావి పోలిక బాగుంది, ఒప్పుకున్నా. యూనిఫాం సంగతి?

అటకమీది_పెట్టె:
దానికి నేను చెప్తా. అది రచయిత కావాలని హీరోకి తొడిగిన చొక్కా కాదండీ. 1936లో జర్మనీ పోలీసు వ్యవస్థ మొత్తం ఎస్సెస్ అధిపతి హిమ్లర్ కిందకి వెళ్ళింది, 1939 సెప్టెంబరులో క్రైమ్ పోలీసునీ రహస్య పోలీసు గెస్టపోనీ ఒకే ప్రధాన కార్యాలయంలో కలిపేశారు. దొంగల్ని పట్టుకునేవాడికీ ఎస్సెస్ ర్యాంకే. మార్చ్‌కి పై ఆఫీసరుగా కనిపించే ఆర్థర్ నేబె నిజంగానే ఆ క్రైమ్ పోలీసు విభాగానికి అధిపతి. 1941లో రష్యా వెళ్ళి ఒక హంతక దళాన్ని నడిపాడు, ఐన్సాట్స్‌గ్రుప్పె బి అని. మళ్ళీ అదే మనిషిని 1944 జూలై 20న హిట్లర్ మీద జరిగిన హత్యాయత్నంతో సంబంధం ఉందని 1945 మార్చిలో ఉరితీశారు. నవల్లో బతికి ముసలివాడై కుర్చీలో కూర్చున్నాడు. ఇలాంటి మనిషి కింద "మంచి పోలీసు"గా పనిచెయ్యడం అంటే ఏంటి అన్నదే నాకు పుస్తకమంతా వినిపించిన ప్రశ్న. మార్చ్ మంచివాడని రచయిత ఎక్కడా సర్టిఫికెట్ ఇవ్వడు. యుద్ధంలో జలాంతర్గామి నడిపాడు, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు పెద్దగా ప్రశ్నలేమీ అడగలేదు.

హిమ్లర్ కింద ఆ ప్రధాన కార్యాలయాన్ని నడిపిన హైడ్రిచ్ కూడా అంతే. 1942 మేలో ప్రేగ్‌లో దాడి జరిగి జూన్ 4న చనిపోయాడు నిజానికి. నవల్లో బతికే ఉన్నాడు. చనిపోయినవాళ్ళు ఇంతమంది నడుస్తూ తిరుగుతుంటే దయ్యాల కథ చదువుతున్నట్టుంటుంది.

చివరిపేజీ_ముందు:
అవన్నీ సరేగానీ ఆ ర్యాంకులు ఎవరికైనా నోరు తిరుగుతున్నాయా. స్టుర్మ్‌బాన్‌ఫ్యూరర్, ఓబర్‌గ్రుప్పెన్‌ఫ్యూరర్... నేను ఒకణ్ణి "పొట్టి పేరు", ఇంకొకణ్ణి "పొడుగు పేరు" అనుకుని చదివేశా

లెక్కలమాస్టారు:
😂 మొదటిది మేజర్ అనుకో చాలు, అదే మార్చ్ ర్యాంకు. రెండోది చాలా పైన, జనరల్ లెవెలు. పేరు ఎంత పొడుగైతే అంత భయపడు, దాదాపు సరిపోతుంది.

సరే బస్సు సీను గురించి నేను మాట్లాడాలి, ఎందుకంటే సివిల్ ఇంజినీరుని. ఆ గైడు చెప్పే బిల్డింగులు హారిస్ కల్పన కాదు, హిట్లర్ ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ స్పీర్ నిజంగా గీసిన ప్లాన్లు. గ్రేట్ హాల్ ఎత్తు సుమారు 290 మీటర్లు, లక్షన్నర మందికి పైనే పట్టాలి. అంతమంది ఊపిరి పైకెళ్ళి గుమ్మటం కింద మబ్బులా పట్టి చినుకులు పడతాయంటుంది గైడు. ఇంట్లోపల వాన! విజయ తోరణం దాదాపు 117 మీటర్లు, పారిస్‌లోది 50 మీటర్లే.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ తోరణాన్ని బెర్లిన్ నేల మొయ్యగలదా అని టెస్ట్ చెయ్యడానికి 1941లో ఒక కాంక్రీటు దిమ్మ కట్టారు, 12,650 టన్నులు. కట్టినవాళ్ళలో ఫ్రెంచ్ యుద్ధ ఖైదీలు కూడా ఉన్నారు. 6 సెంటీమీటర్ల దాకా దిగితే ఓకే అనుకున్నారు. మూడేళ్ళలోపే 18 సెంటీమీటర్లు పైగా దిగిపోయింది! ఆ దిమ్మ ఇప్పటికీ టెంపెల్‌హోఫ్ దగ్గరలో ఉంది, పక్కన ఇళ్ళుండటంతో పేల్చెయ్యడం కుదరక అలా వదిలేశారు, తర్వాత రక్షిత కట్టడం చేశారు. అంటే నవల్లో ఆ తోరణం కింద బస్సు వెళ్తున్నప్పుడల్లా నాకు పునాది కుంగుతున్న చప్పుడే వినిపించింది. నేలని గట్టిపరచకుండా అది నిలబడదు. హారిస్ దీని గురించి ఎక్కడైనా రాశాడేమోనని వెతికా, నాకు కనపడలేదు, రాసుంటే భలే ఉండేది.

సగంలో_ఆపేవాడు:
మాస్టారూ మీరు చెప్తే ఇంటరెస్టింగ్‌గా ఉంది, గైడు చెప్తే బోరు. మీరే ఆ బస్సెక్కాల్సింది.

ఇవాళ 190 దాకా వచ్చా. అమెరికన్ జర్నలిస్ట్ షార్లెట్ మగ్వైర్ వచ్చింది, చార్లీ. డైలాగులు బాగున్నాయి గానీ వీళ్ళిద్దరి మధ్య లవ్ ట్రాక్ మరీ స్పీడుగా లేదూ? రెండు రోజులు కాలేదు పరిచయమై. ఇంకోటి, అమెరికా ప్రెసిడెంట్ కెనడీ బెర్లిన్ వస్తున్నాడు అని మొదట్లో చదివి నేను మామూలుగా మనకి తెలిసిన కెనడీ అనుకున్నా. కాదు! వాళ్ళ నాన్న! జోసెఫ్ కెనడీ! కుర్చీలోంచి లేచా.

కాఫీమరక:
హహ అందరూ పడే గోతిలోనే పడ్డావ్. ఆయన నిజంగా 1938 నుంచి 1940 దాకా లండన్లో అమెరికా రాయబారి, జర్మనీతో సర్దుకుపోదాం అనే రకం. అందుకే ఆ ఎంపిక అంత నమ్మేలా ఉంటుంది. ఆయన పుట్టింది 1888, హిట్లర్ 1889. ఇద్దరు 75 ఏళ్ళ ముసలాళ్ళు చెయ్యి కలుపుకోబోతున్నారు, ఊరంతా జెండాలు, మధ్యలో ఆ చేతులు కలవకుండా చెయ్యగల కాగితాలు ఎక్కడో ఉన్నాయి. థ్రిల్లర్ ఇంజిను అదే.

చార్లీ విషయంలో నీతో నేనూ ఏకీభవిస్తా. ఆ అమ్మాయి వచ్చిన ప్రతిసారీ కథ పరిగెడుతుంది కానీ ఆ అమ్మాయి గురించి మనకి తెలిసేది తక్కువ. మగ రచయితల థ్రిల్లర్లలో ఇది మామూలే, సిగరెట్టు, కోపం, ధైర్యం, అంతే. దానికంటే మార్చ్‌కీ కొడుకు పిలికీ మధ్య సీన్లు నాలుగే ఉన్నా పదిరెట్లు నొప్పి పెడతాయి. పదేళ్ళ పిల్లాడికి నాన్న కంటే యూనిఫాం అంటే ఇష్టం.

నిద్రపట్టని_రీడర్:
ఆ పిల్లాడి సీన్లు మాత్రం నాక్కూడా నచ్చాయి. ఇంకో చిన్న విషయం నచ్చింది, పేపర్లో లివర్‌పూల్ నుంచి వచ్చి హాంబర్గ్‌లో పాడుతున్న కుర్రాళ్ళని తిడుతూ ఒక వార్త ఉంటుంది, పేరు చెప్పడు, బీటిల్సేనని మనకి అర్థమైపోతుంది. యుద్ధం ఎవరు గెలిచినా ఆ కుర్రాళ్ళు మాత్రం గిటార్లు పట్టుకుని బయల్దేరారన్నమాట 🙂

చివరిపేజీ_ముందు:
టీవీ సినిమా కూడా ఉంది కదా, 1994ది, రట్గర్ హావర్ హీరో. అది చూసేస్తే చదవక్కర్లేదేమో?

అటకమీది_పెట్టె:
వద్దండీ, ముందు పుస్తకం. సినిమాలో ముగింపు మార్చేశారు, పుస్తకం ఆగిన చోట అది ఆగదు. పుస్తకం ఆగిన చోటే నాకు నచ్చింది.

ఇంకో ముక్క, రచయిత గురించి. ఈయన నవలలకి ముందు జర్నలిస్టు. 1983లో ఒక జర్మన్ పత్రిక హిట్లర్ డైరీలు దొరికాయని అచ్చేసి, అవి దొంగవని తేలి పరువు పోగొట్టుకుంది కదా, దాని మీద 1986లో సెల్లింగ్ హిట్లర్ అని ఒక పుస్తకం రాశాడు. అబద్ధపు కాగితాల్ని ప్రపంచం ఎంత ఆత్రంగా నమ్మిందో దగ్గర్నించి చూసిన మనిషి, ఆరేళ్ళ తర్వాత నిజం కాగితాలు చేతిలో పట్టుకుని ఎవరైనా నమ్ముతారా అని వణికేవాళ్ళ కథ రాశాడు. నాకు ఈ రెండూ ఒకే పుస్తకానికి రెండు భాగాల్లా అనిపిస్తాయి.

స్పాయిలర్, సగంలో గారు ఇక్కడినుంచి చదవొద్దు
20 జనవరి 1942న వాన్‌సే సరస్సు పక్కన బంగళాలో యూదుల్ని మొత్తంగా చంపే పథకం మీద 15 మంది కూర్చున్న మీటింగు నిజం, హైడ్రిచ్ నడిపాడు, బ్యూలర్ అందులో ఒకడు. నిజ జీవితంలో బ్యూలర్‌ని 1948లో పోలండ్‌లో ఉరితీశారు. ఆ మీటింగు మినిట్స్ 30 కాపీలు చేశారు, మిగిలింది ఒక్కటే, 16వ నంబరుది. 1947లో జర్మన్ విదేశాంగ శాఖ ఫైళ్ళలో దొరికింది. ఆ శాఖ తరఫున కూర్చున్న మార్టిన్ లూథర్ కాపీ అది. 30లో 29 పోయాయి. ఆ ఒక్కటీ కూడా పోయుంటే అనే ఊహ మీదే నవల నిలబడింది. చివర్లో రచయిత నోట్ తప్పకుండా చదవండి, ఈ మనుషుల జీవితాలు 1942 దాకా నిజమేనని, తర్వాతిది తన కల్పనని అక్కడ చెప్తాడు. ఆ బంగళా 1992 జనవరిలో స్మారక మ్యూజియంగా తెరిచారు, నవల కూడా అదే ఏడు వచ్చింది.
స్పాయిలర్ అయిపోయింది

లెక్కలమాస్టారు:
30లో ఒకటి... తీగ లాగితే డొంక కదలడం విన్నాంగానీ ఇక్కడ తీగే ఒక్కటి మిగిలింది.

నిద్రపట్టని_రీడర్:
పెట్టె గారూ ఆ స్పాయిలర్ చదివాక కాస్త మెత్తబడ్డా. రేటింగ్ 5కి 3 ఇచ్చా, మూడున్నర చేస్తున్నా, అంతకంటే పైకి వెళ్ళను. లవ్ ట్రాక్‌కి అర మార్కు కట్.

సగంలో_ఆపేవాడు:
మళ్ళీ నేనే. స్పాయిలర్ చదవలేదు, ఒట్టు. 260 దగ్గరున్నా, ఈ జన్మకి రికార్డు.

కాఫీమరక అక్క మాట విని ఆ బస్సు పేజీలు వెనక్కెళ్ళి చదివా. ముందు మాట వెనక్కి తీసుకుంటున్నా. గైడు అన్నిటికీ లెక్క చెప్తుంది కదా, ఎత్తు ఎంత, వెడల్పెంత, ఎంతమంది పడతారు, పారిస్‌ది ఇందులో ఎన్నిసార్లు ఇముడుతుంది, పిల్లాడికి కూడా అవన్నీ బట్టీ. వినీ వినీ మనకి విసుగొస్తుంది, బస్సులో అందరూ ఫోటోలు తీసుకుంటారు. ఇన్ని అంకెల ఊళ్ళో ఒక్క అంకె మాత్రం ఎవరూ పలకరు. మొదటిసారి నేను తిప్పేసింది ఆ పేజీల్నే.

కాఫీమరక:
ఇప్పుడు పిలి ఆ బస్సులో ఏం మాట్లాడాడో కూడా గుర్తుపెట్టుకో.

సగంలో_ఆపేవాడు:
అక్కా అలా అనకు, భయమేస్తోంది. ఆ పిల్లాడికేమీ కాదుగా?

చివరిపేజీ_ముందు:
నేను చెప్పనా

మోడ్_2:
చెప్పొద్దు. మొత్తం చదివినవాళ్ళ కోసం వేరే టాపిక్ తెరిచా, పిల్లాడి గురించి అక్కడ మాట్లాడుకోండి. సగంలో గారు పూర్తి చేసేదాకా ఈ టాపిక్ ఇలాగే తెరిచి ఉంటుంది.